మానసకు నేను రాసిపెట్టిన పరీక్షలు

కరోనా తర్వాత బడులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది, జూలై మొదటి వారంలో నన్ను దేశ రాజధానిలోని ఆర్.కె. పురంలో ఒక ప్రభుత్వ బాలికల పాఠశాలకు స్పెషల్ ఎడ్యుకేటర్‌గా బదిలీ చేశారు. వైకల్యం ఉన్న పిల్లలు అందరితోపాటు అదే తరగతిలో కూర్చుని చదువుకునేలా చూడటం ఆ ఉద్యోగం. హోదాలో మిగతా టీచర్లతో సమానమే. స్టాఫ్ రూములో మాత్రం ‘ఆవిడకేం, ఖాళీయే’ అన్న లెక్క. ఎవరు సెలవు పెట్టినా వాళ్ళ పీరియడ్ నాకే. ఓటర్ల జాబితా పని నాకే. మధ్యాహ్న భోజనం రుచి చూసే డ్యూటీ కూడా నాదే. ఇవన్నీ పోను మిగిలిన టైములో పదహారు మంది పిల్లల్ని చూసుకోవాలి.

వాళ్ళలో మానస ఒకతె. అప్పుడు ఎనిమిదో తరగతి. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. వేళ్ళు పెన్నును నిలకడగా పట్టుకోలేవు, మాట ఒక్కొక్కటే సాగి సాగి వస్తుంది. బుర్ర మాత్రం మహా చురుకు. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి, గుంటూరు వైపు వాళ్ళు, ఆ పక్కనే క్వార్టర్స్‌లో ఉండేవారు. నాది తెనాలి కావడంతో వాళ్ళమ్మ రాజ్యలక్ష్మికి నేనంటే కొండంత ధైర్యం. పిల్ల మాత్రం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది.

మానసకు పరీక్షల్లో స్క్రైబ్ కావాలి, అంటే తను చెబుతుంటే రాసిపెట్టే మనిషి. బడిలో జరిగే పరీక్షలకు ఆ పని నేనే చేశాను. ఎనిమిదిలోనూ తొమ్మిదిలోనూ మంచి మార్కులు వచ్చాయి. ప్రిన్సిపాల్ గారు అసెంబ్లీలో నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. పొంగిపోయాను, అబద్ధమెందుకు!

పదో తరగతిలో అసలు తలనొప్పి మొదలైంది. పరీక్ష తప్పితే పిల్లను బడి మాన్పించి, ప్రైవేటుగా కట్టించి ఇంట్లోనే ఉంచేద్దామని తండ్రి అప్పటికే అంటున్నాడు. స్క్రైబ్‌కీ, మూడు గంటల మీద ఇంకో గంట అదనపు సమయానికీ బోర్డు అనుమతి తేవాలి. దానికి ప్రభుత్వ ఆసుపత్రి ధ్రువపత్రం, ప్రిన్సిపాల్ లేఖ, ఫోటోలు, సంతకాలు. పత్రం మీద ‘శాశ్వత వైకల్యం’ అని స్పష్టంగా ఉన్నా, బోర్డు ఆఫీసు గుమాస్తా ఈ ఏడాదిది తెమ్మంటాడు. “ఏం నాయనా, పుట్టుకతో వచ్చింది ఈ ఏడు తగ్గిపోయి ఉంటుందా?” అని తెలుగులోనే అరిచాను. అర్థం కాకపోయినా ఫైలు తీసుకున్నాడు.

అంతకంటే ఒళ్ళు మండించిన నియమం ఇంకొకటుంది. స్క్రైబ్ కింది తరగతి పిల్లే అయి ఉండాలట, టీచర్లు పనికిరారట. తొమ్మిదో తరగతి పిల్లకు పదో తరగతి మాటలు ఎక్కడ తెలుస్తాయి, ఈ నియమం పెట్టిన మహానుభావుడు ఎప్పుడైనా బడి ముఖం చూశాడా అని స్టాఫ్ రూములో నానా మాటలూ అన్నాను. చివరికి తొమ్మిదో తరగతిలో చేతిరాత బాగున్న నేహాను ఎంపిక చేశాం.

జనవరిలో ప్రీబోర్డు, అంటే బోర్డు పరీక్షకు రిహార్సల్. నేహా రాయడం అదే మొదలు. సాంఘికశాస్త్రంలో మానస తప్పింది. జవాబు పత్రం చూస్తే నాకు తల తిరిగింది. ప్రతి జవాబూ మూడు నాలుగు మాటలతో ఆగిపోయింది. నేహా మీద విరుచుకుపడ్డాను. మానస దీదీ చెప్పిందంతా రాశానని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను నమ్మలేదు. మర్నాడు ఇద్దరినీ మా పిల్లలకు విడిగా నేర్పే గదిలో కూర్చోబెట్టి, నదులకు కట్టే ఆనకట్టల మీద పాత ప్రశ్న ఒకటిచ్చి పక్కన నిలబడ్డాను.

“బాంధ్ సే... గాఁవ్...” అని మానస ఆగి నా వంక చూసింది. “డూబ్ జాతే హైఁ,” ఊళ్ళు మునిగిపోతాయి అన్న మాట, నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. నేహా అది రాయలేదు. పెన్ను పట్టుకుని నన్నే చూస్తోంది.

“ఆగిపోయావేం మానసా? మిగతాది చెప్పు,” అన్నాను.

“పూరా తో... ఆప్ హీ... కర్తీ హైఁ, మేడమ్.”

పూర్తి చేసేది మీరే కదా అంటోంది. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో, ఉన్న మాట చెప్పింది. నాకు చెంప పగలగొట్టినట్టయింది. రెండున్నరేళ్ళుగా ఆ పిల్ల మూడు మాటలు చెబితే మిగతా పది నేను రాస్తూ వచ్చాను. మోసం చేద్దామని కాదు. ఒక్కో మాట కోసం కాచుకు కూర్చోలేని విసుగు, గంట కొట్టేస్తారన్న తొందర, ఏం చెప్పబోతోందో నాకు తెలుసులే అన్న పొగరు. ఆ మార్కులు నావి. నేను తిట్టిపోసిన నియమం సరిగ్గా నాలాంటి దాన్ని ఆపడానికే పెట్టారు. ఛీ, ఇన్నేళ్ళ సర్వీసుకు ఇదా అనిపించింది.

బోర్డు పరీక్షకు ఆరు వారాలే ఉంది. రాజ్యలక్ష్మిని పిలిపించి ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను దులిపేస్తుందనుకున్నాను. ఆవిడ మాత్రం, “ఇంట్లో నేనూ అంతేనండీ మేడమ్ గారూ. ‘అమ్మా’ అని నోరు తెరవగానే నీళ్ళు అందిస్తాను. తాగేస్తుంది. దానికి కావలసింది నీళ్ళో కాదో ఒక్కనాడూ కనుక్కోలేదు,” అంది.

మా శాఖలో ప్రతి పిల్లకూ వ్యక్తిగత విద్యా ప్రణాళిక అని ఒక ఫారం ఉంటుంది. ఆ ఏడు ఏం నేర్పాలి, ఏ సహాయం అందించాలి అన్నది అందులో రాయాలి. మానస ఫారంలో ‘ఎవరూ మాట అందించకూడదు’ అని ఎర్ర సిరాతో రాశాను. రోజూ రెండు పీరియడ్లు తను చెప్పడం, నేహా రాయడం. నేను వాళ్ళకు వీపు పెట్టి, గోడవైపు తిరిగి స్వెటర్ అల్లుతూ కూర్చునేదాన్ని. నోరు మూసుకోవడం ఇంత కష్టమని నాకప్పటిదాకా తెలియదు. మొదటి వారం మానస పుస్తకం విసిరికొట్టింది, ఏడ్చింది, నాతో మాట్లాడనంది. నేను వెనక్కి తిరగలేదు. మూడో వారంలో ఒక జవాబు చివరిదాకా చెప్పింది. వంకరటింకరగా ఉన్నా తన సొంతం.

సాంఘికశాస్త్రం పరీక్ష రోజు నన్ను సెంటర్ గేటు దాటనివ్వలేదు. లోపల జరిగింది తర్వాత నేహా చెప్పింది. మూడు గంటలు కాగానే ఇన్విజిలేటర్ వచ్చి పేపరు లాక్కోబోయిందట. నేహా చెప్పబోతే మానస తల అడ్డంగా ఊపి ఆపేసింది. “ముఝే...” అనగానే ఆవిడ పానీ కావాలా అంది. మానస మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. వాష్‌రూమా అంది. మళ్ళీ మొదటినుంచి. ఒంట్లో బాగాలేదా అంది. మళ్ళీ. చివరికి “ముఝే... ఏక్ ఘంటా... ఔర్... మిల్తా హై. ఆర్డర్... ఆప్ కీ... ఫైల్ మేఁ హై,” అంటే నాకింకో గంట ఉంది, ఆర్డరు మీ ఫైల్లోనే ఉంది అని, పూర్తి చేసిందట. ఫైలు తెప్పించి చూసి పేపరు తిరిగిచ్చారు. అప్పుడు మానస ఇంకో వాక్యం మొదలుపెట్టింది. ఇది చెప్పడానికి పట్టిన టైము కూడా నాకు కలపండి అని. నియమాల్లో లేదని కలపలేదట!

మానస పాసైంది. నేను రాసిపెట్టినప్పటికంటే మార్కులు బాగా తక్కువ. పదకొండులో అదే బడిలో చేరింది.

ఈ వృత్తిలో చేసే సహాయం ఎక్కడ ఆపాలో తెలియకపోతే, అది పిల్ల పని లాగేసుకుంటుంది. మా ఫారంలో ‘అందించవలసిన సహాయం’ అని గడి ఉంది గాని, ‘ఎప్పుడు ఆపాలి’ అన్న గడి లేదు. రిటైరయ్యేలోగా మిగతా పదిహేను మంది ఫారాల్లోనూ ఆ గడి స్కేలు పెట్టి నేనే గీశాను. తనిఖీకి వచ్చినవాళ్ళు, అనుమతి లేకుండా ఫారం మార్చడం తప్పని రాసి వెళ్ళారు. నేను గడి చెరపలేదు.