ఖాళీ గది అని చెప్పాను

పద్దెనిమిదేళ్లుగా ఒక సంగతి మోస్తున్నాను. నా భార్యకు చెప్పలేదు. ఆమె వినకుండానే పోయింది. విచారణలో ప్రమాణం చేసి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నేను సైన్యంలో డాక్టరును. ఉత్తరాదిన ఒక మిలిటరీ ఆసుపత్రికి కమాండెంటుగా ఉన్నప్పుడు జరిగింది ఇది. కానీ ముందు మా ఇంటి గురించి చెప్పాలి. చెప్పకపోతే నేను చేసింది మీకు వట్టి నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. అది నిర్లక్ష్యం కాదు.

తనకల్లు వైపు మా తాతకు రెండు ఊళ్ల భూమి ఉండేది. వానలు తప్పాయి, బావులు ఎండాయి, మా నాయన కోర్టుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాడు. చివరికి ఇల్లు వేలానికి వచ్చింది. దూలాలు, స్తంభాలు, తలుపులు తలోచోటికీ పోయాయి. మిగిలిన గోడల మధ్య ఇప్పుడు వేరుశనక్కాయలు ఒలిచే మిషను ఆడుతోంది. సైన్యంలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆఫీసర్ల మెస్సులో ఎవరైనా మీది పెద్ద ఇల్లటగా అంటే మొదట్లో కాదనకుండా ఊరుకునేవాణ్ణి. తర్వాత్తర్వాత ఆ ఇల్లు ఇంకా నిలిచి ఉన్నట్టు నేనే వర్ణించడం మొదలుపెట్టాను. మా ఆసుపత్రి ఉన్న సైనిక కమాండ్‌లో వైద్య సేవలన్నిటికీ అధిపతి అయిన జనరల్ ఆ కబుర్లు ఇష్టంగా వినేవాడు. రిటైరయ్యాక ఒకసారి వచ్చి చూస్తానన్నాడు. తప్పకుండా రండి అన్నాను.

ఆ జనరలే మా ఆసుపత్రి తనిఖీకి వస్తున్నాడు. ఆయనకు ఒక అలవాటు ఉంది. ప్రతి మంచం దగ్గరా ఆగి, ఏ ఊరని అడిగి, రోగి చేత నాలుగు మాటలు మాట్లాడించేవాడు. ముందు రోజు సాయంత్రం నేను ఎముకల వార్డులో నడుస్తున్నాను. శిక్షణలో కాలు విరిగి, ఆ మధ్యాహ్నమే పిండికట్టు వేయించుకున్న ఒక జవాను నా చొక్కా మీది పేరుబిళ్ల చదివాడు. అతని పేరు మస్తాన్. పడుకునే సెల్యూట్ చేసి, తెలుగులో అందుకున్నాడు.

"సార్, మీది తనకల్లు తట్టు గదా? పెద్దింటోళ్ల మనవడు గదా మీరు?"

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఇంటిపేరు చూస్తానే పట్టినా సార్! మీ యింటి తలవాకిలి ఇప్పుడు మా యింటికే ఉండాది. యాలంలో మా నాయన పాడినాడు. తలుపు చూస్తే ఏనుగంత, యిల్లు చూస్తే కోళ్లగూడంత. ఏమప్పా, తలుపుకు యిల్లు కట్టినావా అని ఊరంతా మా నాయన్ను ఎగతాళి చేస్తారు."

నేను మంచం చివర తగిలించిన కేసుషీటు తీసి తిరగేశాను.

"వానొస్తే చెక్క ఉబ్బుతాదేమో సార్. చూద్దామంటే వాన యాడొస్తాది?" అని తనే నవ్వాడు. "రేపు జనరల్ సార్ వస్తే చెప్తా. ఈడ పెద్దసారు మా ఊరాయప్పే, ఆయన తలుపు మా యింట్లో ఉండాదని. ఉర్దూలో బాగా చెప్తా సార్, మీరు చూడండి."

అతని ముఖంలో వెటకారం లేదు. గొప్పగా చెప్పుకోవాలని ఉంది, అంతే. నా పక్కనున్న నర్సుకు తెలుగు రాదు. ఏమంటున్నాడని అడిగింది. ఇంటి మీద బెంగ పెట్టుకున్నాడన్నాను. నాలుగడుగులు వేసి, ఇన్ఫెక్షన్ అనుమానంగా ఉంది, ఇతన్ని వరండా చివరి గదికి మార్చండి అన్నాను.

మిలిటరీ వార్డులో పక్క మంచమే రోగికి దిక్కు. లేవలేనివాడి కోసం లేవగలిగినవాడు కుంటుకుంటూ వెళ్లి సిస్టరును పిలుచుకొస్తాడు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. అన్ని వార్డుల్లోనూ అంతే. ఆ చివరి గదిలో ఒకటే మంచం ఉంది. అది నాకు తెలియదా? తెలుసు. నాకే అందరికన్నా బాగా తెలుసు.

పొద్దున మేమంతా గుమ్మం దగ్గర వరుసగా నిలబడి ఉండగా నర్సు వచ్చి నన్ను పక్కకు పిలిచింది. మస్తాన్‌ను ఇప్పుడే చూశానంది. తెల్లవారకముందు నుంచే నొప్పట, పిలిస్తే ఎవరికీ వినపడలేదట. కాలివేళ్లు నల్లబడుతున్నాయి, కట్టు వెంటనే చీల్చాలంది. సర్జన్ అదే వరుసలో పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క మాట చాలు. కానీ సర్జన్ వరుస తప్పితే ఎందుకని జనరల్ అడుగుతాడు, ఆ గదికి వెళ్తాడు, మస్తాన్ తెలుగువాడని తెలుస్తుంది, ఏ ఊరంటాడు. జనరల్ వెళ్లాక చూద్దాం అన్నాను. బిగిసిన కట్టు కింద వాచిన కాలు ఎన్ని గంటలు ఆగుతుందో లెక్కవేసుకుని, సరిపోతుందనుకున్నాను. నిజంగా లెక్కవేశానా? లేక నన్ను నేను ఓదార్చుకోవడానికి ఆ లెక్కను తర్వాత కల్పించుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వరండా చివర జనరల్ ఆగి, ఆ మూసిన తలుపు వెనక ఎవరున్నారని అడిగాడు.

"ఖాళీ గది సర్" అన్నాను.

తర్వాత టీ. తర్వాత భోజనం. మధ్యాహ్నం దాటాక కట్టు చీల్చారు. అప్పటికే కండ చచ్చిపోయింది. కొన్నాళ్లకు మోకాలి కింద కాలు తీసేశారు.

నర్సు నాతో ఒక్క మాటే చెప్పింది. "తలుపు బయట మీ గొంతు అతనికి వినిపించింది సర్. దుప్పటి నోట్లో కుక్కుకున్నాడట. అరిస్తే మా ఊరి సారుకు మాట వస్తుందని."

విచారణలో ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆమె నాకు ఏమీ చెప్పలేదని నేను చెప్పాను. నన్ను నమ్మారు. ఆమెను ఎక్కడికో బదిలీ చేశారు. కొన్నేళ్లకు నేను ఆ జనరల్ కుర్చీలోకే వెళ్లాను. కమాండెంట్లను కూర్చోబెట్టి, రోగి నొప్పి అంటే ముందు నమ్మండి అని ఉపన్యాసాలిచ్చాను. చప్పట్లు కొట్టారు.

కొన్నిసార్లు సగం ఒప్పుకోబోయాను. తనిఖీ హడావుడిలో ఆలస్యమైంది అంటే చాలు, సైన్యంలో పనిచేసినవాడెవడైనా అర్థం చేసుకుని తల ఊపుతాడు. ఆ చిన్న తప్పు వెనక పెద్దదాన్ని దాచవచ్చు. కానీ నేను తనిఖీకి భయపడలేదు. మా ఇల్లు పోయిందని నలుగురికీ తెలుస్తుందని భయపడ్డాను. తెలిస్తే ఏమయ్యేది? జనరల్ నవ్వి, నా భుజం తట్టి, పక్క మంచానికి వెళ్లేవాడు. అంతే కదా?

ఇప్పుడు అనంతపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాను. పోయిన ఎండాకాలం కదిరి మీదుగా తనకల్లులో దిగి, మా ఊరికి, మస్తాన్ ఇంటికి ఆటో అడిగాను.

"ఏ మస్తానప్పా? మిలిట్రీ మస్తానా, కుంటాయన? నువ్వేమైతావు ఆయప్పకు?" అన్నాడు ఆటో అతను.

"ఏమీ కాను" అన్నాను. ఎదురుగా వచ్చిన బస్సెక్కి తిరిగి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ పని మీది కాదు. దీని కింద పేరు పెట్టే ధైర్యం కూడా రాలేదు. ఆ గర్వం ఇంకా చావలేదు. కానీ విచారణ కాగితాల్లో ఎక్కడా లేని మాట ఒకటి ఈ కాగితం మీద నా చేత్తో రాస్తున్నాను. మస్తాన్ కాలు పోనక్కర్లేదు. పోగొట్టింది నేను. తెలిసే చేశాను.

రాశాను.