మూడు వేళ్లు

గద్వాల బస్టాండులో బస్సెక్కగానే ముందు సీటులో ఎవరో ఒకరు పొట్లం చింపుతారు. తీపి, కర్పూరం, వాటి వెనక సున్నం ఘాటు. ఆ వాసనకు నాకు షరీఫ్ సార్ గుర్తొస్తారు. జీవితంలో వక్కపలుకైనా నోట్లో వేసుకోని మనిషిని గుట్కా వాసనతో తలుచుకోవలసి రావడం ఆయనకు నేను చేసే అన్యాయమే.

గట్టు దగ్గరి ఉన్నత పాఠశాలలో ఆయన జీవశాస్త్రం చెప్పేవారు, నేను తెలుగు. ఇద్దరమూ నోటితో బతికేవాళ్లమే. కాకపోతే ఆయన నోటికి పని ఉండేది, నాది ఊరికే ఆడేది. పొగాకు మీద ఆయన ఉపన్యాసం ఇవ్వగా నేను వినలేదు. సోమవారం ప్రార్థన కాగానే మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, పళ్ల మధ్య నిలువుగా పెట్టి చూపేవారు. "గుట్కా నమిలితే బుగ్గ లోపల గట్టిపడి నోరు మూసుకపోతది. మూడు వేళ్లు పట్టకుంటే నా దగ్గరికి రండి, తిట్టను." పిల్లలకు అది ఆట. ఇంటికి పోయి, పత్తి చేన్లలో ఆకలి తెలియకుండా నమిలే అమ్మానాన్నల చేత కూడా ఆడించేవారు. "మా అమ్మకు రెండే పట్టినయి సార్" అని ఒక పిల్ల చెప్పిన రోజు ఆయన మధ్యాహ్నం అన్నం తినలేదు.

వనపర్తిలో ఉపాధ్యాయుల శిక్షణలోనూ అదే ఆట పెట్టారు. మా డ్రిల్లు సారు రాములుకు రెండు వేళ్ల దగ్గరే ఆగింది. "నా వేళ్లు లావున్నయి సార్" అన్నాడు. హాలంతా నవ్వింది, నాతో సహా. షరీఫ్ సార్ నవ్వలేదు. తిరుగు బస్సులో అతని పక్కన కూర్చున్నారు.

"రాములూ, జర హైదరాబాద్ దవాఖానకు పోదాం. నేనొస్త."

"దసరా పోనీ సార్."

"దసరా పోతది. నోరు పోతే?"

దసరా పోయింది. రాములు జొన్నరొట్టెను పప్పులో నానబెట్టుకోవడం మొదలుపెట్టాడు, తర్వాత గంజికి దిగాడు. పక్క ఊరికి వినపడే ఈల ఊదిన మనిషి, చప్పట్లతో డ్రిల్లు చేయించాడు. దవాఖానకు పోయేసరికి నోట్లో పుండు కాన్సరై ముదిరింది. రాములు ఆ ఎండాకాలం చూడలేదు.

ఆ తర్వాత ఒకనాడు షరీఫ్ సార్ బడి మెట్ల మీద కూర్చుని అన్నారు: "అందరు ఇన్నరు. మానినోడు కానరాడు."

"మీరు చెప్పకుంటే ఇంకెందరు పోతుండిరో సార్."

"తెలుగు సారువు, నాకు లెక్కలు చెప్పకు." మెట్ల మీంచి లేస్తూ, "అడుగుడు మాత్రం ఆపకు. మనం అడుగకుంటే వాళ్లకది మామూలైతది" అన్నారు.

ఆయన రిటైరయ్యాక నాగర్‌కర్నూలులో ఉంటూ నిరుడు గుండెపోటుతో పోయారు. ఇప్పుడు సోమవారాలు నావి. గుట్కా నిషేధమని బడి ఎదుటి డబ్బా కొట్టులో మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లంగా అమ్ముతారు. కలుపుకోవడం పిల్లలకు నేను నేర్పిన సంధుల కంటే బాగా వచ్చు.

మొన్న సోమవారం తొమ్మిదో తరగతిలో రాములు కొడుకు వంతు వచ్చింది. మూడో వేలు పట్టలేదు. చెయ్యి తీసేసి నవ్వాడు.

"నా వేళ్లు లావున్నయి సార్."

తరగతి నవ్వింది. వాడి చెయ్యి పట్టుకుని చూశాను. సుద్దముక్కల్లా సన్నటి వేళ్లు.

"పొద్దుమీకి మీ అమ్మ ఇంట్ల ఉంటదారా?"

"పత్తి చేనుకు పోతది సార్. చీకటైనంక వస్తది."

"వచ్చిందాక కూసుంట" అన్నాను.