వేడెక్కితే రాని రవ్వ

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిలటరీ వాళ్ళు అమ్మేసిన పాత మోటార్ సైకిల్ ఒకటి మా అన్న దగ్గర ఉండేది. ఆయన కోదాడలో లారీలు బాగుచేసేవాడు. నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఒక ఎండాకాలం అన్నకు కడుపునొప్పి పట్టుకుని మూడు రోజులైనా తగ్గలేదు. నాలుగో రోజు పొద్దున ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలుతో నా నడుముకు కట్టుకుని, సూర్యాపేట దవాఖానకు బయలుదేరాను.

ఆరు మైళ్ళు పోయాక బండి ఆగిపోయింది. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్ కొట్టాను. మాగ్నెటో నుంచి ప్లగ్గుకు రావలసిన నిప్పురవ్వ రాలేదు. ప్లగ్గు మార్చాను, వైరు మార్చాను. అయినా రాలేదు.

తుమ్మచెట్టు కింద పడుకున్న అన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు. "మాగ్నెటో మీద చెయ్యి పెట్టి సూడు. కాలుతున్నదా?"

"కాలుతున్నదన్నా."

"అయితే లోపల కాయిల్ పోయింది. సల్లారితే రవ్వ వస్తది, వేడైతే పోతది. ఇంతకుముందు ఎప్పుడన్న గిట్ల ఆగిందా?"

"లేదన్నా" అన్నాను.

నెల కిందట ఆయనకు చెప్పకుండా మిర్యాలగూడ పోయి వస్తుంటే సరిగ్గా ఇలాగే ఆగింది. తిడతాడని దాచాను.

అరగంట ఆగితే బండి లేచింది. రెండు మైళ్ళకే మళ్ళీ ఆగింది. మూడోసారి ఆగేసరికి అన్న పలకడం లేదు. అటుగా వచ్చిన ఎడ్లబండిలో వేసుకుని సాయంత్రానికి దవాఖాన చేరాను. పేగు పగిలిందని, పొద్దున్నే తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాడినని డాక్టరు అన్నాడు.

మర్నాడు అన్న పోయాడు. వదిన నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. అడిగితే మిర్యాలగూడ సంగతి చెప్పేసేవాడిని.