పద్నాలుగు అంగుళాల పల్లం

పోయినవాటి లెక్క ముందు చెప్పేస్తాను. ఇంటి ముందు మెట్లు నాలుగుండేవి, వాటిలో దాదాపు రెండున్నర నేలలో కలిసిపోయాయి. బట్టలుతికే బండ ఒకటి. ఇద్దరు మనుషులు కదిపినా కదలలేదు, ఉన్నచోటే కప్పెట్టేశాం. మందార మొక్కలు రెండు, నందివర్ధనం ఒకటి. నందివర్ధనాన్ని వేళ్ళతో సహా తీసి కుండీలో పెట్టాం గాని వారం తిరక్కుండానే ఎండిపోయింది. బట్టలారేసే తీగ పదకొండు అడుగులు. మా ఆవిడ రోజూ ముగ్గు పెట్టుకునే జాగా. కొలిచే టేపు ఒకటి, కూలీ మనిషి ఎడమకాలి చెప్పు ఒకటి. ఈ రెండూ ఇప్పుడు నేల కింద ఎక్కడో ఉన్నాయి. వీటితోపాటు నా లెక్కల మీద మా ఇంట్లో ఉన్న నమ్మకం కూడా కొంత పోయింది. ఎంత పోయిందో కొలవడానికి నా దగ్గర కొలమానం లేదు.

ఇదంతా కారు షెడ్డు కోసం. షెడ్డు అంటే నాలుగు స్తంభాలూ పైన రేకూ, అంతే. అది నిలబెట్టడానికి ఒక్క పూట చాలింది. దాని కింద నేల సిద్ధం చెయ్యడంలోనే ఇదంతా జరిగింది.

మాది గాజువాకలో పెద్ద రోడ్డు నుంచి మూడో వీధి. ఇల్లు కట్టిన రోజుల్లో మా గేటు దగ్గర నేలా వీధీ ఒకే ఎత్తులో ఉండేవి. తరవాత వీధికి కంకర రోడ్డు వేశారు. దాని మీద తారు వేశారు. తారు మీద సిమెంటు వేశారు. వేసిన ప్రతిసారీ పాతదాని మీదే వేశారు తప్ప, ఎవరూ తవ్వి తియ్యలేదు. ఇల్లు ఉన్నచోటే ఉంది, వీధి మాత్రం పెరిగింది. చివరికి మా వాకిలి రోడ్డుకంటే పద్నాలుగు అంగుళాల పల్లంలో పడింది.

కారు లేనంత కాలం ఆ పల్లం మమ్మల్ని పెద్దగా బాధపెట్టలేదు. వాన పడితే వాకిలి మధ్యలో నీళ్ళు నిలిచేవి, రెండు రోజులకి ఇంకిపోయేవి. సెకండ్‌హాండు కారు కొన్న తరవాత కష్టాలు మొదలయ్యాయి. లోపలికి దిగేటప్పుడు దాని పొట్ట గీరుకునేది. బయటికి ఎక్కేటప్పుడు ఒకసారికి ఎక్కేది కాదు. వెనక్కి పోయి, ఊపందుకుని, పెద్ద రొదతో ఎక్కాలి. అది విని వీధిలో వాళ్ళు నేను డ్యూటీకి వెళ్తున్నానని తెలుసుకునేవారు. పోనీ వీధిలోనే వదిలేద్దామంటే, పోర్టు వైపు నుంచి గాలి వీచిన రోజు తెల్ల కారు సాయంత్రానికల్లా బూడిదరంగుకి తిరుగుతుంది.

షెడ్డు వేసేవాళ్ళు వచ్చి చూసి, "నేల ఎత్తు చేయించి, గట్టిపరిచి కబురు పెట్టండి, స్తంభాలు మేం నిలబెడతాం" అని వెళ్ళిపోయారు.

మా పక్కింటాయనది భీమవరం వైపు. స్టీలు ప్లాంటు పని మీద వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు, ఇప్పుడు రిటైరయ్యాడు. మాది పద్మనాభం వైపు పల్లె. చుట్టరికం ఏమీ లేదు గాని, ఇక్కడి అలవాటు ప్రకారం నేను ఆయన్ని బావా అంటాను. ఆయన దానికి గోదావరి మర్యాద చేర్చి బావగారూ అంటాడు. బావ అన్నాక ఆయన భార్య నాకు అప్ప అయి తీరాలి కదా, అందుకని ఆవిణ్ణి అప్పా అంటాను. ఆవిడ నన్ను తమ్ముడూ అంటుంది.

అప్ప క్యారేజీలు కడుతుంది. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఒంటరి మగవాళ్ళకి మధ్యాహ్నానికి ముప్పై క్యారేజీలు వెళ్ళాలి. ఆ వంటిల్లు మా రెండిళ్ళ మధ్య గోడను ఆనుకున్న సన్నటి సందులోకి తెరుచుకుంటుంది. సందుకంటే వంటింటి గడప బెత్తెడే ఎత్తు. బియ్యం బస్తాలు, పిండి డబ్బాలు అన్నీ నేలమీదే ఉంటాయి. మధ్య గోడ ఒంటి ఇటుక గోడ, పాతది. ఇటు నీళ్ళు నిలిస్తే అటు ధార కడుతుంది. ఇన్నాళ్ళూ మా వాకిలి గిన్నెలాగా ఉండి నీళ్ళని మధ్యలోనే పట్టి ఉంచేది కాబట్టి వాళ్ళకి ఇబ్బంది రాలేదు. ఆ గిన్నె పూడిస్తే నీళ్ళు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. రోడ్డు మీదికి పోవాలి, లేదా అప్ప వంటింట్లోకి పోవాలి.

నేల ఎత్తు చేస్తున్నానని చెప్పగానే ఆవిడ గోడ మీదుగా ఒకే మాట అంది.

"నీ నేల నువ్వు ఎత్తుకో తమ్ముడూ, నేనెందుకు వద్దంటాను. నీ నీళ్ళు మాత్రం నా వంటింట్లోకి రాకూడదు. ఒక్కరోజు పొయ్యి ఆరితే ముప్పై మంది పస్తుంటారు."

"ఒక్క సుక్క రాదప్పా. నాను లెక్క కట్టాను" అన్నాను.

లెక్క నిజంగానే కట్టాను. నేను పెద్ద చదువులు చదవలేదు. పోర్టులో దిగే సరుకు బస్తాలు లెక్కపెట్టే పనిలో కుదిరి, పొడుగూ వెడల్పూ లోతూ కట్టడం పాత లెక్కల పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నాను. వాకిలి పొడుగు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పదకొండు. గేటు దగ్గర పద్నాలుగు అంగుళాలు పొయ్యాలి. నీళ్ళు రోడ్డు వైపు జారాలంటే ఇంటి దగ్గర మూడంగుళాలు ఎక్కువ ఉండాలి, అంటే పదిహేడు. సగటున పదిహేనున్నర. మొత్తం రెండు వందల యాభై ఆరు ఘనపుటడుగులు. ట్రాక్టరు తొట్టిలోకి ఎక్కి నేనే కొలిచాను. తొంభై పడుతుంది. మూడు ట్రాక్టర్లకి రెండు వందల డెబ్బై. పద్నాలుగు మిగులు. ఆ మిగిలిన గ్రావెల్ కుండీల్లోకి వాడుకోమని మా ఆవిడకి ముందుగానే మాట ఇచ్చేశాను.

మూడు ట్రాక్టర్ల ఎర్ర గ్రావెల్ వచ్చింది. ఇద్దరు కూలీలు పరిచారు. పరిచాక చూస్తే లెక్క అచ్చంగా సరిపోయింది, పైగా కొంచెం పొంగి ఉంది. ఆ సాయంత్రం వాకిట్లో నాలుగుసార్లు అటూ ఇటూ నడిచాను. బావ కూడా వచ్చి చూశాడు.

"మీ వాకిలి ఇప్పుడు కల్యాణ మండపంలా ఉందండి బావగారూ. బాజాలు చెప్పించమంటారా?"

"రేపు దిమ్మిస కొట్టినాక సెప్పించు బావా."

మర్నాడు నీళ్ళు చల్లి, దిమ్మిసతో పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా కొట్టారు. కొట్టే కొద్దీ నేల దిగుతూనే ఉంది. సగం పూడిన మెట్టు మళ్ళీ పైకి తొంగి చూడటం మొదలుపెట్టింది. కూలీలు వాళ్ళ మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన, నీళ్ళు నింపిన లెవెల్ పైపు రెండు చివరలా పట్టుకుని చూస్తే, నేను అనుకున్న మూడంగుళాల వాలు ఎక్కడా లేదు. సగటున రోడ్డుకంటే ఒక అంగుళం కిందే ఉన్నాం. గోడ వైపు ఇంకా ఎక్కువ కుంగింది.

నాకు పైపు మీద నమ్మకం కుదరలేదు. బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి మెట్ల దగ్గర పోశాను. మా ఆవిడ గడపలో, బావ గేటు దగ్గర, అప్ప గోడ అవతల గిన్నె పట్టుకుని నిలబడి చూస్తున్నారు. నీళ్ళు ఒక క్షణం ఆగి ఆలోచించినట్టు కనిపించి, నెమ్మదిగా గోడ వైపు తిరిగాయి.

"తమ్ముడూ, మా ఇంటికే బయల్దేరాయి" అంది అప్ప. "కాఫీ పెట్టనా వాటికి?"

బావ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అప్పటికే టీవీలో బంగాళాఖాతంలో అల్పపీడనం అని చెబుతున్నారు. మూడు రోజుల్లో వాన. ట్రాక్టరతనికి ఫోను చేస్తే వానలు తగ్గేదాకా గ్రావెల్ తవ్వరన్నాడు.

"లెక్కలో తప్పు నేదే. మూడు ట్రాక్టర్లూ నిండుగానే వచ్చాయి. మట్టి ఏటైపోనాది?" అని నాలో నేనే అనుకుంటున్నాను.

మా ఆవిడ విని అంది. "శనగపిండి డబ్బాలో పోసినప్పుడు నాను ఏటి సేత్తాను? రెండుసార్లు నేలకి తడితే పిండి బెత్తెడు దిగిపోతాది. పిండే దిగితే, పొద్దుట్నించీ బాదుతుంటే మట్టి దిగదేటి?"

"మరి ముందే సెప్పొచ్చు కదా."

"మీరు లెక్క కడతన్నారు కదా అని ఊరుకున్నాను. మజ్జిలో మాటాడితే అంకె తప్పిపోతాదని మీరే అంటారు."

తొట్టిలో పొంగి ఉన్న మట్టికీ, కొట్టి గట్టిపరిచిన మట్టికీ తేడా ఉంటుందని నేను చదివిన పుస్తకాల్లో లేదు. మళ్ళీ కట్టి చూస్తే, వచ్చిన మట్టి ఐదో వంతు కుంగింది. అంటే యాభై నాలుగు. అందులో మిగులనుకున్న పద్నాలుగూ తీసేస్తే నలభై ఘనపుటడుగులు తక్కువ. పొంగిన మట్టి అయితే యాభై కావాలి. మేం వాడే ఇనప తట్టకి అర ఘనపుటడుగు పడుతుంది కాబట్టి వంద తట్టలు.

గ్రావెల్ లేకపోలేదు. గోడకి అవతలే ఉంది. బావ వాళ్ళ సందు ఎత్తు చేసుకోవడానికి ఆర్నెల్ల కిందట ఒక ట్రాక్టరు తెప్పించి కుప్ప పోయించుకున్నాడు. అది అడగడానికి నాకు నోరు రాలేదు. అప్ప వంటింటి కోసం తెచ్చుకున్న మట్టిని, అప్ప వంటింట్లోకి నీళ్ళు పంపబోతున్న మనిషి ఏ మొహంతో అడుగుతాడు?

బావే అన్నాడు. "తీసుకోండి బావగారూ."

"వొద్దు బావా, మీ సందుకి తెచ్చుకున్నారు."

"సందు ఎత్తు చెయ్యడం ఈ రెండు రోజుల్లో అయ్యే పని కాదండి. మీ వాలు సరిగ్గా ఉంటే మా సందులో పడే చినుకులకి వెనక తూము చాలు. మీ నీళ్ళు కూడా వచ్చాయనుకోండి, మా ఆవిడ ముందు నన్ను ముంచుతుంది, తరవాత బియ్యం సంగతి చూస్తుంది."

"రేటు సెప్పు, ఇచ్చేత్తాను."

"డబ్బులు వద్దండి. మట్టి ఇచ్చాను, మట్టే తీసుకుంటాను. తట్టకి తట్ట."

మర్నాడు పొద్దున్నే కూలీలు ఆ గేటు నుంచి ఈ గేటుకి మోశారు. నేను సుద్దముక్కతో గోడ మీద నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొట్టుకుంటూ లెక్కపెట్టాను. బస్తాలు లెక్కపెట్టేటప్పుడూ అంతే. బావ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని పైకే లెక్కపెట్టాడు. ఒకచోట తట్ట సగమే ఉందని నేను గీత గియ్యలేదు.

"అదేంటండి, గీత పడలేదు?"

"అది సగమే బావా."

"కిందటిది గోపురంలా వచ్చింది, చూశారా? ఆ గోపురం తీసి దీనికి పెట్టండి, నిండిపోతుంది."

గీత గీశాను. వంద తట్టలు పూర్తయ్యేసరికి అప్ప క్యారేజీలు వెళ్ళిపోయాయి. మర్నాడు మళ్ళీ దిమ్మిస కొట్టారు. ఈసారి కుంగే ఐదో వంతు కూడా కలిపే పోశాం కాబట్టి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. బకెట్టు నీళ్ళు పోశాను. నీళ్ళు మెట్ల దగ్గర నుంచి తిన్నగా గేటు వైపు నడిచి, రోడ్డు పక్క కాలవలోకి దిగాయి. అప్ప ఇంకో బకెట్టు పొయ్యమంది.

వాన అనుకున్న రోజే వచ్చింది, పదకొండు గంటలప్పుడు, సరిగ్గా ఆవిడ క్యారేజీలు సర్దే వేళకి. నేను సెలవు పెట్టి గొడుగు వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. పై నుంచి పడ్డ నీళ్ళన్నీ ఎర్రగా గేటు దాటి పోతున్నాయి. గోడ పక్కన ఒక్క గుంట కూడా కట్టలేదు. అయినా మనసు ఆగక గోడ మీదుగా తల పెట్టి, "అప్పా, లోపలికేటైనా వచ్చిందా?" అని అరిచాను.

"వచ్చింది తమ్ముడూ."

గొడుగు వదిలేసి గేటు వైపు పరిగెత్తబోయాను.

"ఉప్మా ఎక్కువ వచ్చింది. గిన్నె పట్టుకురా" అంది.

వానలు తగ్గాక నాలుగు మూలలా గుంతలు తీసి సిమెంటు పోశారు. స్తంభాలు నిలబడ్డాయి, రేకు ఎక్కింది. కారు ఇప్పుడు రొద లేకుండా వెళ్ళి వస్తోంది. నేను ఎప్పుడు డ్యూటీకి వెళ్తున్నానో తెలియడం లేదని ఎదురింటివాళ్ళు అంటున్నారు.

మిగిలింది తట్టల బాకీ. ట్రాక్టరు తెప్పిస్తానంటే అప్ప ఒప్పుకోలేదు. కుప్ప ఉండే చోటు ఖాళీ అయ్యాక అక్కడ బల్ల వేసి క్యారేజీలు వరసగా పేరుస్తోంది. ఆ బల్ల ఇక తియ్యదట. మిగిలిన గ్రావెల్ బావ అప్పటికే సందులో పరిచేశాడు. వంటింటి గుమ్మం వైపు సగం ఎత్తయింది, గేటు వైపు సగం అలాగే ఉంది. మధ్యలో చిన్న మెట్టులా దిగాలి. క్యారేజీలతో ఆ మెట్టు దిగినప్పుడల్లా నన్ను తలుచుకుంటానని అప్ప అంటుంది. ఏమని తలుచుకుంటుందో నేను అడగలేదు.

అందుకని ఏ ఆదివారానికి ఆ ఆదివారం, పరచగలిగినంతే తీసుకెళ్ళి ఇస్తున్నాను. నాతో పనిచేసే ఒకతను ఇల్లు కడుతున్నాడు. అక్కడ పునాది తవ్విన మట్టి సంచుల్లో నింపి కారు డిక్కీలో తెస్తాను. అలా అరవై తట్టలు ఇచ్చాక, ఇక నలభై అన్నాను.

"కాదండి" అన్నాడు బావ. "నేనిచ్చింది రాయి కలిసిన గ్రావెల్. మీరు తెచ్చేది పిండిలాంటి మట్టి. కొడితే మీదే ఎక్కువ దిగుతుందండి. మీ ఐదు మా నాలుగు."

ఒప్పుకోకుండా బకెట్టులో రెండింటినీ కొట్టి చూశాను. ఆయన చెప్పినట్టే అయింది. ఐదుకి నాలుగు చొప్పున నా అరవై తట్టలూ నలభై ఎనిమిదికి వచ్చాయి. మొన్న ఆదివారం ఇద్దరం సందులో నిలబడి మళ్ళీ కట్టుకున్నాం, అప్ప కూడా విని తల ఊపింది. ఈ రోజుకి నేను ఇవ్వాల్సింది, బావ ఇచ్చిన గ్రావెల్ లెక్కన, యాభై రెండు తట్టలు.