చెప్పకుండానే పెట్టిన టిక్కు

హోసూరు అవతల ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, ఆరోగ్య విభాగంలో రేణు గుమాస్తా. సొంతూరు ఉద్దనపల్లి. నాన్న గొర్రెలు కాసి చదివించాడు. ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు కూడా ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె గొంతు గుర్తుపడతారు.

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఏప్రిల్‌లో, యూనివర్సిటీ రోజూ సాయంత్రం ఐదింటికి అందరి ఫోన్లకూ ఒక ప్రకటన పంపేది. ఎంతమందికి సోకింది, ఏ హాస్టలు మూశారు, కరోనా పరీక్షలు ఎక్కడ చేస్తున్నారు. అంతా ఇంగ్లీషులోనే. ఊడ్చేవాళ్ళూ, మెస్సులో కూరలు తరిగే ఆడవాళ్ళూ ఫోన్లు పట్టుకుని రేణు కిటికీ దగ్గరికి వచ్చేవారు.

"ఏం రాసిండారమ్మా? మేము పనికి రావాల్నా, వద్దా?"

రేణు తన పై అధికారి ఆదిశేషయ్యను అడిగి, అదే సంగతిని తెలుగులో తన గొంతుతో రికార్డు చేసి అందరి ఫోన్లకూ పంపడం మొదలుపెట్టింది. "నేను రేణును మాట్లాడతా ఉండాను. ఈ దినం మన కాలేజీలో ముగ్గురికి వచ్చింది. రెండో హాస్టలు పక్క ఎవరూ పోవద్దండి. జరం వస్తే దాచిపెట్టుకోవద్దండి, నాకు చెప్పండి." జనం ఆ మాట నమ్మారు. జ్వరం వచ్చినవాళ్ళు భయపడకుండా ఫోన్ చేశారు.

ఆ నెలాఖరులో మెస్సు వంటమనిషి కేశవప్పకు సోకింది. ప్రకటనలో పేర్లు చెప్పకూడదు కాబట్టి, అతని పక్కన పనిచేసిన పద్నాలుగు మందికీ రేణు విడివిడిగా ఫోన్ చేయాలి. పదమూడు మంది పలికారు. కూరలు తరిగే మునివెంకటమ్మ నంబరు మాత్రం స్విచ్చాఫ్. మూడుసార్లు చేసింది. ఐదు కావస్తోంది, జాబితా పంపమని పైనుంచి ఒకటే ఒత్తిడి. రేపు పనికి వస్తుంది కదా, అప్పుడు చెబుదాంలే అనుకుని, "తెలియజేశాం" అన్న గడిలో టిక్కు పెట్టేసింది.

మరునాడు మునివెంకటమ్మకు సెలవు. ఆ పై రోజూ సెలవే. మిగతా పనుల హడావుడిలో రేణుకు ఆ పేరు గుర్తే రాలేదు.

నాలుగో రోజు మునివెంకటమ్మను గేటు దగ్గర ఆపారు. ఒళ్ళు కాలిపోతోంది. వారం తిరిగేసరికి ఆమె భర్త అచ్చెన్నకు ఊపిరి ఆడలేదు. కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చారు. చేరిన తొమ్మిదో రోజు పోయాడు.

రేణు మరోసారి జాబితా తెరిచింది; మునివెంకటమ్మ పేరు ఎదుట తాను పెట్టిన టిక్కు కనబడింది. ఆదిశేషయ్యకు అంతా రాసిచ్చింది. "ఆ నంబరు ఆమె అల్లుడిదమ్మా, బెంగుళూరులో ఉంటాడు. తప్పుగా రాసుకున్నది మనం," అన్నాడాయన. "అప్పటికే అచ్చెన్నకు అంటుకుని ఉండొచ్చు కూడా. ఎవరు చెప్పగలరు?" ఆ మాటతో రేణు మనసు కుదుటపడలేదు.

బస్సులు తిరగడం మొదలయ్యాక ఆమె మునివెంకటమ్మ ఇంటికి వెళ్ళింది. ముసలామె గొర్రెల దొడ్డి ముందు కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ దినం నీకు చెప్పినట్టు రాసేసినాను. చెప్పలేదు."

మునివెంకటమ్మ గొర్రెల వైపు తిరిగింది.

"నువ్వు చెప్పేదంతా మెస్సులో వాళ్ళ ఫోన్లలో విని, ఇంటికొచ్చి ఆయనకు చెప్తా ఉంటిని. గొర్రెలకాడ గూడా మూతికి గుడ్డ కట్టుకునేవాడు, ఆ పాప చెప్పింది కదా అని." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తెలిసింటే నేను బయట పండుకుని ఉందును."

రేణు ఏడ్చింది. మునివెంకటమ్మ ఓదార్చలేదు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు. ఎందుకు చెప్పినావమ్మా?"

రేణు లేచి బస్సుకు నడిచింది.

ఆ తర్వాత యూనివర్సిటీ వాళ్ళు పనివాళ్ళ నంబర్లన్నీ సరిచూశారు. ముప్ఫై ఒక్కటి తప్పుగా ఉన్నాయి. ఫోన్ ఎత్తనివాళ్ళ ఇళ్ళకు మనుషులను పంపే ఏర్పాటు చేశారు. ఇక నా గొంతు వద్దు, వేరేవాళ్ళతో చెప్పించండి అని రేణు అడిగింది. మెస్సు ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె చెప్పడం మానలేదు.

సెప్టెంబరులో మునివెంకటమ్మ తిరిగి పనిలో చేరింది. పని సంగతి అడిగితే రేణుకు జవాబిస్తుంది. అంతకుమించి మాట్లాడదు. రేణు కూడా అంతకుమించి అడగదు.