రూతమ్మ సాక్ష్యం

ఆ ఆదివారం నా భార్య కరుణ కాలి నుంచి నెత్తురు కారుతోందని మొదట చూసింది కరుణ కాదు, రూతమ్మ. బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున ఒక చిన్న పాలెం అది. అక్కడి చర్చి అంటే ఒక రేకుల షెడ్డు. నేల మీద నీలం పట్టా పరిచి పాతికమంది దాకా కూర్చుంటారు. కరుణ వాక్యం చెప్పి, లేచి నాలుగడుగులు వేసేసరికి పట్టా మీద ఎర్రటి మచ్చలు పడ్డాయి.

"అక్కా, నిలబడు నిలబడు! కాలికేందో దిగుండాది," అంటూ రూతమ్మ ఆమెను కూర్చోబెట్టి, పాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. కుడి పాదం అడుగున, రెండో వేలి కింద, విరిగిన ఆల్చిప్ప ముక్క సగం లోపలికి దిగి ఉంది. ఎప్పుడు దిగిందో కరుణకు తెలియదు.

"నొప్పే లేదు కదా," అని నవ్వింది.

షెడ్డు బయట స్కూటర్ మీద కూర్చుని ఉన్న నేను ఆ మాట విని నిశ్చింతపడ్డాను. ముక్క తీసి, ఆయింట్‌మెంట్ రాసి, గుడ్డ కట్టాం. కరుణకు పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. మాత్రలు వేసుకుంటోంది. నొప్పి లేదు కనుక ప్రమాదం లేదని నేను తేల్చేశాను.

నేనెందుకు షెడ్డు బయట ఉన్నానో చెప్పాలి. నేను హేతువాదిని. దేవుణ్ణి నమ్మను. నలభై ఏళ్ళుగా సభల్లో, పత్రికల్లో వాదిస్తున్నాను. కరుణ క్రైస్తవ కుటుంబంలో పుట్టింది. రిజిస్టర్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. ఆమె నన్ను చర్చికి రమ్మనలేదు, నేను ఆమెను మానమనలేదు. ఇద్దరం టీచర్లుగా రిటైరై కావలిలో స్థిరపడ్డాక, ఆమె ఒడ్డు వెంబడి పాలేలకు తిరగడం మొదలుపెట్టింది. సొంత పాస్టరు లేని చిన్న సంఘాలు అవి. ఆమె వెళ్తే వాక్యం చెబుతుంది, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పుతుంది, ఎవరో ఒకరి ఇంట్లో రెండు మూడు రోజులు ఉండి వస్తుంది. ఈ పాలెంలో ఆమె బస రూతమ్మ ఇల్లే. రూతమ్మకు భర్త లేడు. తెల్లారి ఒడ్డున చేపలు కొని, కావలిలో అమ్ముకుని బతుకుతుంది. నేను కరుణను స్కూటర్ మీద దించి, బయటే ఉండి, ఎవరు దొరికితే వాళ్ళతో వాదన పెట్టుకునేవాణ్ణి.

ఆ గాయానికి తొమ్మిది రోజులు నేనే కట్టు మార్చాను. పదో రోజు కరుణకు చలిజ్వరం వచ్చింది. కట్టు విప్పితే వాసన. అప్పుడు నెల్లూరులో ఆస్పత్రికి పరిగెత్తాం.

సర్జన్ ఒక ఆవిడ. ముందు ఒక సన్నటి నైలాన్ దారం లాంటిది తీసింది. దాన్ని monofilament అంటారట. కరుణను కళ్ళు మూసుకోమని, అరికాలి మీద ఒక్కో చోట తాకిస్తూ, "తగిలినప్పుడల్లా చెప్పండమ్మా," అంది. పది చోట్ల తాకించింది. కరుణ రెండుసార్లే "ఆ" అంది. మిగతా ఎనిమిది సార్లూ ఆ దారం వంగడం నేను చూస్తున్నాను, ఆమె మాత్రం ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు ఎదురుచూస్తోంది. ముప్పై నాలుగేళ్ళు నాతో కలిసి నడిచిన పాదాలు ఎప్పుడు మొద్దుబారాయో నాకు తెలియదు.

"నొప్పి లేదు కదా అని ఆగాం డాక్టర్ గారూ," అన్నాను.

"నొప్పి తెలియకపోవడమే జబ్బు సార్. దీన్ని neuropathy అంటాం. నొప్పి ఉండుంటే మొదటి రోజే వచ్చుండేవాళ్ళు," అంది ఆవిడ.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే HbA1c, ఏడు లోపు ఉండాల్సింది, పదకొండు దాటింది. కాలి రక్తనాళాలకు Doppler తీసి, రక్తం బాగానే పారుతోంది, అదొక్కటే అదృష్టం అన్నారు. X-ray లో ఇన్ఫెక్షన్ ఎముకదాకా పోయినట్టు కనిపించింది. debridement అని చెడిన కండ తీశారు. నాలుగు రోజుల తర్వాత రెండో వేలు కూడా తీసేశారు.

లేడీస్ వార్డులో మగవాళ్ళు ఉండకూడదు. మాకు పిల్లలు లేరు. ఏం చేయాలా అని వరండాలో నిలబడి ఉంటే రూతమ్మ సంచీ పట్టుకుని వచ్చింది. రెండు రోజులు ఆమె, తర్వాత పాలెం నుంచి ఇంకొకరు, ఆ తర్వాత వేరే ఒకరు. ఇరవై రోజులు వార్డులో కరుణ పక్కన మనిషి లేని పూట లేదు. బెడ్‌పాన్ వాళ్ళే తీశారు, తల వాళ్ళే దువ్వారు.

"మిమ్మల్ని ఎవరు పంపించారమ్మా?" అని అడిగాను.

రూతమ్మ నన్ను వింతగా చూసింది. "పంపేదేంది సార్? అక్క మా ఇండ్లకు వచ్చినప్పుడు వంతులేసుకోని పెట్టుకుంటాం గదా. ఇప్పుడు అక్క ఈడుండాది. వంతు మారద్దా ఏంది?"

సాటి మనిషిని ఆదుకోవడానికి దేవుడి అవసరం లేదని నేను ఎన్నోసార్లు రాశాను. ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే, ఆ మాట రాసిన మేమెవరం ఆస్పత్రిలో బెడ్‌పాన్ తీయడానికి వంతులు వేసుకోలేదు. మా హేతువాద సంఘం మిత్రులు వచ్చారు, యాపిల్ పళ్ళు ఇచ్చారు, వైద్యరంగంలో ప్రైవేటీకరణ గురించి మాట్లాడి వెళ్ళారు.

ఇంటికి పంపేటప్పుడు రెండు పూటలా ఇన్సులిన్ రాశారు. చూడడానికి పాలలా ఉండే మిక్స్ మందు అది. ఇంట్లోనూ బయటా వేసుకోమని మెత్తటి MCR చెప్పులు ఇచ్చారు. రోజూ అరికాలు చూసుకోవాలన్నారు. మూడు నెలలకు గాయం దాదాపు మూసుకుంది. చిక్కుడు గింజంత మిగిలింది. అప్పుడు కరుణ పాలెం పోతానంది. డాక్టరమ్మ అయిష్టంగానే, "పదిహేను రోజులు. చెప్పులు తీయకూడదు, సూది మానకూడదు," అని ఒప్పుకుంది. నేను దించి వచ్చాను.

రూతమ్మ రోజూ పొద్దున గడపలో వెలుతురుకు కూర్చోబెట్టి కరుణ అరికాలు ఫోటో తీసి నాకు పంపేది. నాలుగో రోజు ఫోటోలో గాయం అంచు ఎర్రగా ఉంది. ఏడో రోజుకు పెద్దదయింది. వచ్చేయమంటే, సూది వేసుకుంటున్నాను కదా, తగ్గుతుందిలే అంది కరుణ. షుగర్ మెషీన్‌లో మూడు వందలు, మూడు వందల ఎనభై. పదో రోజు "హై" అని మాత్రమే చూపించింది. వెళ్ళి తీసుకొచ్చి మళ్ళీ అదే ఆస్పత్రిలో చేర్చాను.

డాక్టరమ్మ కట్టు విప్పి పాదం చూసింది. ఎరుపు చీలమండ దాటింది. "ఈసారి వేలితో పోదు సార్. వారంలో కంట్రోల్‌లోకి రాకపోతే మోకాలి కింద తీయాల్సి రావచ్చు," అంది.

వరండాలోకి వచ్చిన కరుణ మీద నేను విరుచుకుపడ్డాను. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి మీద.

"ఉపవాస ప్రార్థన అన్నారా? స్వస్థత వచ్చేసింది, సూది వద్దన్నారా? నిజం చెప్పు!"

"ఒక్క పూట కూడా మానలేదండీ."

"మానకపోతే షుగర్ మెషీన్‌కు కూడా అందనంత ఎట్లా పెరిగింది?"

"నాకు తెలియదు. మానలేదని మాత్రం తెలుసు."

"మూఢనమ్మకం కాలు తీసేదాకా వచ్చింది," అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు వినేలా అన్నాను. కరుణ తల తిప్పుకుంది. మా కాపురంలో ఆమె నాకు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నాకు గుర్తు రాలేదు.

సాయంత్రం ఒక నర్సు వచ్చి, "ఇంటి దగ్గర వాడిన ఇన్సులిన్ ఉంటే ఇవ్వండి," అంది. కరుణ సంచీలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు అరచేతుల మధ్య దొర్లించి, కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది. మందు కలవలేదు. తెల్లటి పలుకులు సీసా గోడకు అంటుకుని ఉన్నాయి.

"ఇది గడ్డకట్టి కరిగిన మందు సార్. పనిచేయదు. ఎక్కడ పెట్టారు?"

కరుణ మెల్లగా చెప్పింది. రూతమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు చల్లగా ఉండాలని రూతమ్మకు తెలుసు. అందుకని, ఇంట్లో ఉన్నవాటిల్లోకెల్లా చల్లటి చోటు చూసి పెట్టింది. చేపల ఐసు పెట్టెలో, ఉప్పు చల్లిన ఐసు మధ్యలో. పూటపూటకూ కాస్త ముందే బయటికి తీసి, చీర కొంగుతో తుడిచి తెచ్చి ఇచ్చేది. పది రోజులు కరుణ పొడుచుకున్నది మందు కాదు.

ఆ రాత్రి నుంచి కొత్త ఇన్సులిన్ మొదలుపెట్టారు. మూడో రోజుకు షుగర్ రెండు వందలకు దిగింది. ఆరో రోజు డాక్టరమ్మ చేరిన రోజు ఎరుపు అంచు వెంట గీసిన పెన్ను గీతకు లోపలికి ఎరుపు తగ్గడం చూపించి, "కాలు ఉంటుంది," అంది. అంతే, రెండే మాటలు. కరుణ కళ్ళు మూసుకుని తన దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంది. నేను వెళ్ళి ఆ నర్సుకు చెప్పుకున్నాను.

తర్వాత రూతమ్మకు విషయం చెప్పాల్సింది నేను. కోపంతో వెళ్ళలేదు గానీ, ఆమె ఏదో ఒక సాకు చెబుతుందనుకున్నాను. ఆదివారం పొద్దున షెడ్డు ముందే దొరికింది. చెప్పాను. ఆమె చేతిలో ఉన్న పాటల పుస్తకం కింద పడిపోయింది. ఏ సాకూ చెప్పకుండా లోపలికి పోయింది.

వాళ్ళ ఆరాధనలో సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. దేవుడు నాకు ఫలానా మేలు చేశాడని ఒక్కొక్కరూ లేచి చెబుతారు. దాని మీద నేను ఒకప్పుడు వెటకారంగా వ్యాసం రాసిన వాణ్ణి. రూతమ్మ లేచింది.

"నేను మేలు జెప్పను, తప్పు జెప్తా ఇనండి. కరుణక్క మందు నేను ఐసులో పెట్టినాను. అది సచ్చిపోయింది. అక్క కాలు తీసేదాకా వచ్చింది నావల్ల. తెలీక జేసినా, జేసింది నేనే. మీరెవురూ అట్ట జెయ్యబాకండి. అంతే నా సాచ్చెం."

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి ఒకాయన, "ఓయమ్మా, నాది గూడా ఐసులోనే గదమ్మా ఉండాది!" అన్నాడు. వెనక నుంచి ఇంకొకామె, "మా అత్తది గూడా," అంది. ఆ చిన్న పాలెంలో ఇద్దరి మందు ఐసు పెట్టెల్లో చచ్చి పడి ఉంది.

నలభై ఏళ్ళలో నేను ఎన్నో చర్చావేదికలు ఎక్కాను. తప్పు ఒప్పుకోవడమే శాస్త్రీయ దృక్పథానికి పునాది అని బల్ల గుద్ది చెప్పాను. ఏ వేదిక మీదా, మాలో ఎవరూ, నాతో సహా, లేచి నిలబడి "తప్పు నాది" అనడం నేను చూడలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

"అద్దో, నాస్తికుడు సారు లోపలికొచ్చినాడు! వాన పడతాది ఇయ్యాల," అన్నారెవరో. నవ్వారు.

"రూతమ్మ తెలియక చేసింది. నేను తెలిసి చేశాను," అన్నాను. "మొదట నొప్పి లేదని తొమ్మిది రోజులు ఆలస్యం చేసింది నేను. తర్వాత, విచారించకుండా, మీరంతా కలిసి కరుణ చేత సూది మాన్పించారని నింద వేసింది నేను. ఆధారం లేకుండా నమ్మడం తప్పని ఊరూరా చెప్పినవాణ్ణి. నన్ను మన్నించండి."

"పోన్లే సార్. కూర్చోండి, కాళ్ళు నొప్పులు పుడతాయి," అంది రూతమ్మ.

ఆ రోజు ప్రార్థన సగంలో ఆగి, మందు ఎక్కడ పెట్టాలనే చర్చ జరిగింది. నేను చూసిన చర్చల్లో పనికొచ్చిన చర్చ అదే. ఊళ్ళో ఆరోగ్యం పనులు చూసే ఆశా వర్కర్ అమ్మాయిని పిలిపించారు. కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో మూత ఉన్న చిన్న గిన్నెలో మందు పెట్టి నీడన ఉంచమని ఆమె చేసి చూపించింది. ఇప్పుడు కరుణ బస చేసే ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఒకటి ఉంది.

గాయం మూసుకోవడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. కరుణ ఇప్పుడు నెలకు రెండు పాలేలకు వెళ్తుంది, MCR చెప్పులతోనే పట్టా మీద నిలబడి వాక్యం చెబుతుంది. ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. నేను దేవుణ్ణి నమ్మడం మొదలుపెట్టలేదు. మొన్న కూడా దారిలో ఇద్దరం వాదించుకుంటూనే వెళ్ళాం. ఆ రోజు ఆస్పత్రి వరండాలో నేనన్న మాటను మాత్రం కరుణ ఎత్తదు. ఎత్తితే బాగుండునని నాకు అనిపిస్తుంది.

ఇన్సులిన్ వాడేవారి ఇళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మందును ఐసులోనూ, ఫ్రీజర్‌లోనూ పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిందంటే, కరిగాక మామూలుగా కనిపించినా పారేయండి. ఉన్నట్టుండి షుగర్ పెరిగితే ఆస్పత్రికి ఆ సీసాను కూడా తీసుకెళ్ళి చూపించండి. అది చూసేదాకా ఇంట్లో మనిషిని ఒక్క మాట కూడా అనకండి.