రోదసికి బయలుదేరిన పెట్ట

ఒక కోడిపెట్ట వల్ల నా ఎమ్మెస్సీ ఎలా గల్లంతయిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంటిల్లిపాదీ నవ్వి నవ్వి అలిసిపోయాకే మీ వంతు వచ్చింది.

తొంభైల్లో మాట. రాజమండ్రిలో బీఎస్సీ చివరి ఏడు చదువుతున్నాను. మండపేటలో మా నాన్నగారికి చిన్న రైసుమిల్లు. "సైన్సు ఎగ్జిబిషన్లో ఫస్టు ప్రైజు తెచ్చావా, ఎమ్మెస్సీ చదువు. లేదా, వచ్చి మిల్లులో కూర్చో," అన్నారాయన. నాకు మిల్లంటే తుమ్ములు. ప్రైజు కొట్టి తీరాలనుకున్నాను. ఎంచుకున్న అంశం కూడా ఆషామాషీది కాదు: అంతరిక్షంలో కోళ్ళ పెంపకం! రేపు మనుషులు చంద్రుడి మీద కాపురం పెడితే ఆదివారం కూర మాటేంటండీ మరి?

"అక్కడ మేత ఎక్కడిదిరా?" అంది అమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ.

"ఇక్కణ్ణించే నూకలు పట్టుకెళ్తామమ్మా. బస్తాలకి బస్తాలు!"

"అయితే ఆ నూకలేవో ఉప్మా చేసుకుని మనుషులే తినొచ్చుగా? మధ్యలో కోడెందుకు?"

"నీకు సైన్సు తెలీదులే!"

పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారు. నేను పట్టిన కోడికి నాలుగు.

రోదసిలో బరువుండదు కాబట్టి కోడిని గిరగిరా తిప్పి బరువు తెప్పించాలి. ధాన్యం తూర్పారపట్టే చేతి ఫ్యాను రెక్కలు పీకేసి, ఒక కడ్డీ బిగించి, దాని రెండు చివర్లా మూతల బుట్టలు కట్టాను. ఒకదాంట్లో మా అత్తయ్య ముద్దుగా పెంచుకునే పెట్ట. రెండోదాంట్లో తూకం సరిపోయేలా నూకల సంచి. పెట్టకి కాపలాగా అమ్మ కూడా రాజమండ్రి వచ్చింది.

జడ్జిగారు రిటైరైన పశువుల డాక్టరు. "ఏంటి బాబూ ఇది?"

"రోదసి కోళ్ళఫారమండి."

"కోడి తలెత్తితేనే గదా నీళ్ళు గొంతులోకి జారేది? బరువే లేని చోట ఎలా జారతాయి?"

"అందుకేనండి తిప్పేది! చూడండి!"

మొదటి ఇరవై చుట్లు బ్రహ్మాండంగా సాగాయి. "చాలు బాబూ," అన్నారాయన. నాకు చాల్లేదు. కళ్ళ ముందు ఎమ్మెస్సీ కనిపిస్తోంది. ఇంకా గట్టిగా తిప్పాను. నూకల సంచి పిగిలి డాక్టరుగారికి తలంబ్రాలు పోసింది. తూకం తప్పేసరికి పెట్ట ఉన్న బుట్ట తాడు తెంచుకుంది. పెట్ట బయటపడి, పక్క స్టాల్లో పొగలు కక్కుతున్న అగ్నిపర్వతం మీదుగా ఎగిరి, ఆయన ముందున్న జడ్జీల బల్ల మీద వాలింది. తాగినవాడిలా రెండు చుట్లు తూలింది. డాక్టరుగారి గ్లాసులో ముక్కు ముంచి, తలెత్తి, చక్కగా మింగింది. ఆ తర్వాత ఆయన భుజం మీది నూకలు ఏరుకు తినసాగింది.

ఆయన తిట్టినా బాగుండేది. తల దులుపుకుంటూ, "నీళ్ళ సంగతి తేలిపోయింది. ఒక్క ప్రశ్న బాబూ. ఇన్ని నూకలు అంత దూరం మోసుకెళ్ళి కోడికి పెట్టే బదులు, మనుషులే తినెయ్యొచ్చు కదా?" అన్నారు.

గుంపు వెనక నించి అమ్మ అందుకుంది. "నేనూ అదే అడిగానండి! సైన్సు తెలీదన్నాడు."

హాలంతా ఘొల్లుమంది. "ప్రైజంటూ ఇస్తే ఈవిడకివ్వాలయ్యా," అని డాక్టరుగారు లేచి అమ్మకి నమస్కారం పెట్టారు. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళే దారి పొడుగునా అమ్మ కోడిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతూనే ఉంది, నా వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని.

ఆ వేసవిలోనే మిల్లులో కూర్చున్నాను. ఇప్పుడు నా పనేంటో తెలుసాండీ? చుట్టుపక్కల కోళ్ళఫారాలన్నిటికీ నూకలూ తవుడూ తోలించడం! అందుకే, తుమ్ముతూనే ఈ నూకల బస్తా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఏ కోడినీ కంచం ఎత్తు దాటి పైకి పంపను.